తాళం తిప్పేముందు...

'బండి బోరుకొచ్చింది' అన్న మాట కారో, లారీయో, ట్రాక్టరో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినబడి తీరుతుంది. వినగానే యజమాని ముఖం మాడిపోతుంది. సైలెన్సర్లోంచి నీలంపొగ, వంతెన ఎక్కేటప్పుడు ఆయాసం, వారం తిరక్కుండానే లీటరు ఆయిల్ తాగేయడం... లక్షణాలన్నీ ముందే కనిపిస్తుంటాయి. అయినా 'ఈ పండగ వెళ్లనీ', 'ఈ పెళ్లిళ్ల సీజను గడవనీ' అనుకుంటూ నెట్టుకొస్తాం. చివరికి ఒకరోజు మెకానిక్ కుండబద్దలు కొట్టేస్తాడు. ఇంజిన్ దించాలి. బ్లాకు బోరింగు షాపుకి, క్రాంకు గ్రైండింగుకి వెళ్లాలి. పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి పడాలి.

అక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. ఆ తర్వాత అంతా బిగించి, ఆయిల్ పోసి, రేడియేటర్లో నీళ్లు నింపి, బ్యాటరీ తగిలించాక వచ్చే మొదటి నిమిషం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. వేలకు వేలు పోసి చేయించిన పని నిలుస్తుందా, నీరుగారిపోతుందా అన్నది చాలామటుకు ఆ నిమిషంలోనే తేలిపోతుంది. చిత్రం ఏమిటంటే, ఆ నిమిషంలో పాడైన ఇంజిన్ కూడా చక్కగానే స్టార్టవుతుంది. చెవికి ఇంపుగానే ఉంటుంది. ఇంటికి కూడా తీసుకొస్తుంది. అసలు సంగతి బయటపడడానికి వారమో, పదిరోజులో పడుతుంది.

పెరట్లో చేతిపంపు ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగు రోజులు ఊరెళ్లొచ్చి పంపు కొడితే నీళ్లు రావు. తోలు వాషరు ఎండిపోయి ఉంటుంది. అమ్మ చెంబెడు నీళ్లు పైనుంచి పోసి, అవి దిగేలోపు గబగబా కొడితే అప్పుడు గుడగుడమంటూ వచ్చేవి. పొలంలో మోటారుదీ అదే తంతు. ఫుట్‌వాల్వు కాస్త వదులై పైపులోని నీళ్లు కిందికి జారిపోతే, మోటారు రాత్రంతా తిరిగినా చుక్క రాదు. పైన బిరడా విప్పి బిందెలతో నీళ్లు పోసి నింపాల్సిందే. నీటిని తోసే పంపుకి గాలిని తోయడం చేతకాదు. రైతులు దీన్ని ప్రైమింగ్ అని ఇంగ్లిషులోనే అంటారు.

కారు ఇంజిన్ అడుగున ఆయిల్ ఛాంబర్లో కూడా అలాంటి పంపే ఉంటుంది. గుప్పెట్లో పట్టేంత. ఇంజిన్ తిరిగితేనే అదీ తిరుగుతుంది. ఛాంబర్లోని ఆయిల్‌ని జల్లెడలోంచి లాగి, ఫిల్టరుకి పంపి, అక్కణ్నుంచి బ్లాకు పొడవునా ఉన్న పెద్ద రంధ్రంలోకి నెడుతుంది. దాన్నుంచి చిన్న చిన్న దారులు క్రాంకు బేరింగులకి, క్రాంకు లోపల తొలిచిన సన్నటి సొరంగాల గుండా కనెక్టింగ్ రాడ్ల బేరింగులకి, పైన హెడ్డు మీద రాకర్లకి. ఊరి చెరువు నుంచి చివరి మడి దాకా పిల్లకాలువలు వెళ్లినట్టు! కొత్తగా బిగించిన ఇంజిన్లో ఈ కాలువలన్నీ ఎండిపోయి ఉంటాయి. పంపులోనూ, ఫిల్టర్లోనూ, గొట్టాల్లోనూ ఉన్నది గాలే. ఛాంబర్లో నాలుగు లీటర్లు పోశాం కదా అని తాళం తిప్పితే, ఆ ఆయిల్ చివరిమడికి చేరేదాకా బేరింగులు ఎండుగా తిరగాల్సిందే. ఇంజిన్ ఐడిల్లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. పది సెకన్లంటే 130 చుట్లు పైమాటే. స్టార్టయిన సంతోషంలో ఎవరైనా యాక్సిలరేటర్ తొక్కారా... ఇక లెక్క చెప్పక్కర్లేదు.

ఆ బేరింగు సంగతి కూడా కొంచెం చెప్పాలి. మనం బేరింగు అనగానే గుండ్రటి బాల్స్ ఉండేది ఊహించుకుంటాం. క్రాంకుకు వేసేవి అవి కావు. సగం గాజులా వంచిన రెండు రేకుముక్కలు. వెనక ఉక్కు, దానిమీద రాగి-సీసం పొర, అన్నిటికన్నా పైన పలచగా మెత్తటి బూడిదరంగు పూత. క్రాంకుకీ దానికీ మధ్య వదిలే సందు తల వెంట్రుక మందంలో సగం ఉంటుందేమో. ఆ సందులో ఆయిల్ నిండి ఉన్నంతకాలం ఇనుము ఇనుముని తాకదు. లక్ష కిలోమీటర్లు తిరిగినా ఆ పూత పూతలాగే ఉంటుంది.

ఈ రహస్యం మనిషికి తెలిసి ఎన్నాళ్లో కాలేదు. 1880లలో బ్రిటన్లోని మెకానికల్ ఇంజినీర్ల సంస్థ బీచమ్ టవర్ అనే ఇంజినీరు చేత రైలుపెట్టె ఇరుసుల మీద ప్రయోగాలు చేయించింది. ఆయన బేరింగు పైభాగాన ఆయిల్ పోయడానికని ఒక రంధ్రం తొలిపించాడు. ఇరుసు తిప్పగానే ఆయిల్ లోపలికి పోవడం మాని ఆ రంధ్రంలోంచి పైకి తన్నుకొచ్చింది. కార్కు బిరడా కొట్టాడు. ఎగిరిపోయింది. చెక్క బిరడా కొట్టాడు. అదీ బయటికొచ్చేసింది. ఇదేదో చూద్దామని మీటరు బిగిస్తే, బేరింగు మీద పడుతున్న సగటు బరువుకి రెట్టింపు దాటిన ఒత్తిడి అక్కడ కనిపించింది! అంటే అంత బరువైన పెట్టెని మోస్తున్నది ఇనుము కాదు, కంటికి కనబడని ఆ నూనెపొరే. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితం కట్టాడు. తిరిగే ఇరుసు తనతోపాటు నూనెని సందులోకి లాక్కుపోయి, ఇరుకులో ఇరికించి, దానిమీద తాను తేలుతుంది. వాననీటి మీద వేగంగా పోయే కారు టైరు రోడ్డుని వదిలి తేలిపోతుందే, అదే సూత్రం. అక్కడ ప్రమాదం, ఇక్కడ ప్రాణం.

మనవాళ్లకి సూత్రం తెలియకపోయినా అవసరం తెలుసు. ఎడ్లబండి కట్టేముందు ఇరుసుకి కందెన పెట్టడం మా తాతల కాలం నాటి రివాజు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురుగొట్టంలో పోసి బండికి వేలాడదీసేవారు. చీల తీసి, చక్రం కాస్త బయటికి లాగి, కందెన రాసి, మళ్లీ చీల పెట్టాకే ఎద్దుల్ని కట్టడం. కందెన లేని బండి కీచుమంటూ పోతుంటే ఊరంతా ఆ బండివాణ్ని తిట్టేది. అన్నట్టు, ఆముదం ఎడ్లబండితో ఆగిపోలేదు. తొలినాటి విమానాలూ, రేసుకార్లూ దానిమీదే పరిగెత్తాయి. క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టింది ఆముదానికి ఇంగ్లిషులో ఉన్న క్యాస్టర్ అన్న మాటలోంచే, 1909లో. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదాలు పండించిన రైతుల్లో ఈ సంగతి ఎందరికి తెలుసో!

ఇదంతా నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ముందు వచ్చింది విజయవాడ ఆటోనగర్ నుంచి. పుస్తకాలు తర్వాత చదువుకున్నాను.

మా నాన్నది గుడివాడలో టాక్సీ. పాత అంబాసిడర్. పెట్రోలు బండి. 1950ల చివరి నుంచి 2014 మే దాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారైన ఆ కారు గురించి మన పాఠకులకి కొత్తగా చెప్పేదేం లేదు. పదిమంది ఎక్కినా కిమ్మనేది కాదు. దాని 1489 సీసీ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి పాత డిజైను. సుత్తీ, స్పానర్లూ ఉంటే చెట్టుకింద విప్పి బిగించుకోవచ్చని పేరు. ఆ పేరే దాని కొంప ముంచిందని మా మేస్త్రి అనేవాడు. ఎవడు పడితే వాడు విప్పేవాడు మరి!

నాన్నతో పాటు స్టాండులో ఉండే ఒకాయన్ని మేం పెదనాన్న అని పిలిచేవాళ్లం. 1986లో ఆయన కారు బోరుకొచ్చింది. పెద్దమ్మ రెండుపేటల గొలుసు అమ్మి పని చేయించాడు. ఎక్కడ చేయించాడన్నది ఇప్పుడు అనవసరం. బండి వచ్చిన రోజు స్టాండులో అందరికీ టీలు పోయించాడు. ఎనిమిదో రోజున ఏలూరు దగ్గర ఇంజిన్లోంచి టకటకమని చప్పుడు మొదలైంది. రాడ్డు కొట్టుకుంటోంది. లారీకి తాడు కట్టి లాక్కొచ్చారు. చేసినవాళ్లు 'నువ్వు తొక్కి నడిపావు, మాదేం లేదు' అన్నారు. ఆయన దగ్గర జవాబు లేదు. రెండోసారి పని చేయించడానికి అమ్మేందుకు ఇంట్లో ఇంకేం లేదు. బండిని ఉన్నదున్నట్టు తూకానికి ఇచ్చినట్టు ఇచ్చేసి, అదే స్టాండులో వేరేవాళ్ల బండికి డ్రైవరుగా చేరాడు. ఓనరుగా కూర్చున్న బెంచీ మీదే డ్రైవరుగా కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని మా బండికేసి చూసేవాడు, అంతే.

ఆ విప్పిన బేరింగు రేకుల్ని నాన్న ఒక గుడ్డలో మూటగట్టి ఆటోనగర్ తీసుకెళ్లి మా మేస్త్రికి చూపించాడు. చేయి చూసి జాతకం చెప్పేవాడిలా ఆయన వాటిని ఎండకి తిప్పి చూశాడట. గీతలు గీతలుగా ఉంటే మట్టో, ఇనుపరజనో లోపలికి పోయినట్టు. ఇవి అలా లేవు. పైపూత మైనంలా చెదిరిపోయి, దానికింద రాగి ఎర్రగా బయటపడింది. "ఇది ఎండుగా తిరిగింది. మొదటిరోజే పోయింది. ఆ ఎనిమిది రోజులూ చచ్చిన ఇంజినే తోలాడు మీవాడు" అన్నాడట. ఆ మాటని నాన్న పెదనాన్నకి చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

రెండేళ్ల తర్వాత, 1988లో, మా బండి వంతు వచ్చింది.

నాన్న చీటీ పాట పాడి 11 వేలు తెచ్చాడు. మేస్త్రి ఇంజిన్ని పూర్తిగా కట్టి బల్లమీద పెట్టాక గేరుబాక్సు కూడా పోయిందని తేలింది. క్లచ్చి ప్లేటు సరేసరి. డబ్బు చాల్లేదు. మళ్లీ అప్పు పుట్టేసరికి 40 రోజులు పట్టింది. అన్నాళ్లూ ఇంజిన్ షెడ్డులో గోనెసంచి కప్పుకుని కూర్చుంది. ఈ 40 రోజుల సంగతి గుర్తుపెట్టుకోండి.

తీరా బండిలోకి ఇంజిన్ ఎక్కించి అన్నీ కలిపేసరికి ఒక మాఘమాసపు సాయంత్రం. తెల్లవారుజామున అయిదింటికి పెళ్లివారిని గుడివాడ నుంచి బందరు తీసుకెళ్లాలి. బయానా తీసుకోవడం, అది కాస్తా క్లచ్చి ప్లేటు కింద ఖర్చయిపోవడం కూడా జరిగిపోయాయి. బడికి సెలవని నేనూ నాన్నతో వెళ్లాను. అప్పుడు ఎనిమిదో తరగతి.

"ఇక కొట్టెయ్యండి మేస్త్రిగారూ" అన్నాడు నాన్న.

ఆయన బీడీ ఆర్పి, నింపాదిగా నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా గుడ్డమీద పెట్టాడు. కాయిల్ వైరు పీకేశాడు. హెడ్డు మీద రేకుమూత తీసేశాడు. ఫిల్టరు గిన్నెలో ముందే ఆయిల్ నింపి బిగించాడు. తర్వాత పెట్టెలోంచి ఒక పాత ఇత్తడి మీటరు తీసి, సన్నటి గొట్టంతో బ్లాకులోని ఆయిల్ దారికి కలిపాడు. దాన్ని నా చేతికిచ్చాడు.

"పాపా, సూది కదిలితే చెప్పు. కదలకపోతే కదల్లేదని చెప్పు. మీ నాన్న తొందరపడుతున్నాడని కదిలిందని చెప్పమాక" అన్నాడు.

ప్లగ్గులు తీసేస్తే సిలిండర్లలో బిగువుండదు. ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. పెట్రోలు మండదు కాబట్టి బేరింగుల మీద దెబ్బ పడదు. బ్యాటరీతో సెల్ఫ్ మోటారు మాత్రమే తిప్పుతుంటే, ఆ నెమ్మది తిరుగుడులో పంపు ఆయిల్ని ఊరంతా పంచుకొస్తుంది. మీటరులో ఒత్తిడి కనిపించాక, రాకర్ల దగ్గర ఆయిల్ ఊరడం కళ్లారా చూశాక, అప్పుడు ప్లగ్గులు బిగించి అసలు స్టార్టింగు. ఆయన పద్ధతి అది.

కుర్రాడు సెల్ఫ్ కొట్టాడు. పది సెకన్లు. ఆగాడు. మోటారు వేడెక్కకుండా నిమిషం ఆగి మళ్లీ పది సెకన్లు. మళ్లీ. సూది సున్నా దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. "కదల్లేదు" అన్నాను. ఆరుసార్లు అదే మాట చెప్పాను. ప్రతిసారీ నాన్న ముఖం చూడకుండా మీటరునే చూస్తూ చెప్పాను. ఏడోసారికి బ్యాటరీ మూలగడం మొదలెట్టింది. ఎనిమిదయింది. పక్క షెడ్లన్నీ మూసేస్తున్నారు.

నాన్న ఇక ఆగలేకపోయాడు. "స్టార్టయితే ఆయిలే ఎక్కుతుంది కదండీ. స్పీడుకి అదే లాక్కుంటుంది. అందరూ అలాగే కొడతారు" అన్నాడు.

"అందరూ అంటే మీ స్టాండులో ఆయన బండి కొట్టినవాళ్లా?" అన్నాడు మేస్త్రి.

నాన్న మళ్లీ మాట్లాడలేదు.

"ఏవయ్యా, పొద్దున పెళ్లికి వెళ్లకపోతే నిన్ను తిట్టుకుంటారు. బయానా తిరిగి ఇచ్చెయ్. ఈ ఇంజిన్ పోతే నీకెవరిస్తారు?" అన్నాడు ఆయనే కాసేపాగి, ఈసారి కొంచెం మెత్తగా.

నలభై రోజులు ఊరికే ఉండడంతో పంపులో వేసిన ఆయిలంతా కారిపోయింది. పంపు పళ్లకీ గోడకీ మధ్య తడి లేదు. గాలి నిండింది. ఎంత తిప్పినా పట్టు దొరకడం లేదు. పొలంలో మోటారు కథే! మరి మోటారు మూత విప్పి నీళ్లు పోసినట్టు దీనికి పోసేదెలా? పంపున్నది ఇంజిన్ అడుగున, ఛాంబర్ లోపల. మళ్లీ ఛాంబర్ దించాలంటే తెల్లారిపోతుంది.

మేస్త్రి ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. పంపు నుంచి ఫిల్టరుకి పోయే గొట్టం నట్టు విప్పాడు. నూనెకుప్పె ముక్కు అందులో పెట్టి ఆయిల్ కొట్టడం మొదలెట్టాడు. అది పంపు బయటికి తోసే దారి. అంటే ఆయిల్ వెనకదారిన పంపులోకి దిగాలి. కొంచెం దిగి ఆగిపోయింది. అప్పుడాయన బండిని టాప్ గేరులో వేసి, "వెనక్కి తొయ్యండి" అన్నాడు.

గేరులో ఉన్న బండిని వెనక్కి తోస్తే చక్రాలతోపాటు ఇంజిన్ కూడా వెనక్కి తిరుగుతుంది. ప్లగ్గులు లేవు కాబట్టి బిగువు లేదు. ఇంజిన్ వెనక్కి తిరిగితే పంపూ వెనక్కే తిరుగుతుంది. బయటికి తోయాల్సింది లోపలికి లాక్కుంటుంది! నాన్న, ఇద్దరు కుర్రాళ్లు, టీకొట్టు ఆయన, షెడ్డుకి తాళం వేసుకుని వెళ్తున్న ఇద్దరు వెల్డింగువాళ్లు కలిసి తోశారు. మేస్త్రి బానెట్ పక్కనే నడుస్తూ గొట్టంలో ఆయిల్ కొడుతూనే ఉన్నాడు. "ముందుకు పోవాల్సిన బండిని వెనక్కి తోస్తున్నారేంట్రా" అని ఎవరో నవ్వారు. నాలుగడుగులు. గొట్టంలో నిలిచిపోయిన ఆయిల్ ఒక్కసారిగా గుటకేసినట్టు లోపలికి దిగిపోయింది. "తాగింది" అన్నాడు మేస్త్రి. మళ్లీ నింపాడు. మళ్లీ నాలుగడుగులు. మళ్లీ తాగింది.

గొట్టం బిగించి, పక్క షెడ్డు నుంచి వేరే బ్యాటరీ తెచ్చి తగిలించారు. సెల్ఫ్ కొట్టారు. మొదటి పది సెకన్లు ఏమీ లేదు. రెండోసారి సూది వణికింది. నిజంగా వణికిందా, నా చేతే వణికిందా అని నేను చెప్పలేదు. మూడోసారి అది లేచింది. పది. ఇరవై. ముప్ఫై దాటింది. "ముప్ఫై దాటింది" అని అరిచాను. మేస్త్రి టార్చిలైటు రాకర్ల మీదకి వేశాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కో రాకరు పక్కనుంచి ఆయిల్, కృష్ణ ఇసుకలో చెలమ తీస్తే నీరు ఊరినట్టు, సన్నగా ఊరింది. ఎనిమిది రాకర్లనీ వేలితో ముట్టి చూసుకుని, అప్పుడు ప్లగ్గులు తెమ్మన్నాడు.

స్టార్టవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అందరం ఊపిరి పీల్చుకునేలోపే ఆయన రేజ్ పెంచి అలాగే పట్టుకున్నాడు. నెమ్మదిగా ఐడిల్లో తిరగనివ్వలేదు. కొత్త ఇంజిన్ని అలా అరిపిస్తారేమిటని నాకు అనుమానం వచ్చింది. దీనికి కారణం చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వాల్వుల్ని లేపే క్యామ్ పళ్లకి పంపు నుంచి నేరుగా ఆయిల్ అందదు. క్రాంకు వేగంగా తిరుగుతూ చిమ్మిన ఆయిలే వాటికి దిక్కు. ఐడిల్లో ఆ చిమ్మడం చాలదు. అందుకని ఇలాంటి ఇంజిన్లలో కొత్త క్యామ్ వేసినప్పుడు మొదటి 20 నిమిషాలు దాదాపు రెండువేల చుట్ల దగ్గర ఉంచాలంటారు. మేస్త్రి దగ్గర చుట్లు లెక్కపెట్టే మీటరు లేదు. చెవే. గడియారం మాత్రం నాన్నది అడిగి తీసుకున్నాడు.

అర్ధరాత్రి బయల్దేరి గంటకి 40 దాటకుండా ఇల్లు చేరాం. నాన్న రెండుగంటలు పడుకుని పెళ్లికి వెళ్లాడు. అప్పుడూ 40 దాటలేదు. 'ఇది కారా, ఎడ్లబండా' అని పెళ్లికొడుకు మేనమామ దారి పొడుగునా సణిగాడట.

మేస్త్రి చేసినది ఆటోనగర్ చిట్కా అనుకునేదాన్ని. కాదు, ఇంజిన్లు కట్టేవాళ్లు ప్రపంచమంతటా ఏదో ఒక రూపంలో చేసే పనే. అమెరికా వాళ్ల పాత వి-8 ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ పంపుని డిస్ట్రిబ్యూటరే తిప్పుతుంది. వాళ్లు డిస్ట్రిబ్యూటర్ పీకేసి, ఆ కన్నంలోంచి పొడుగాటి కడ్డీ దింపి డ్రిల్లింగ్ మెషీన్తో పంపుని తిప్పేస్తారు. ఇంజిన్ కదలకుండానే ఒత్తిడి వచ్చేస్తుంది. అంబాసిడర్కి ఆ సదుపాయం లేదు. రోవర్ వి-8 పంపులో బిగించేటప్పుడే వేజలైన్ లాంటి జెల్లీ కూరమని కంపెనీ పుస్తకంలోనే ఉంది. అది కారిపోదు, గాలి చొరబడనివ్వదు, ఆయిల్ వేడెక్కగానే అందులో కరిగిపోతుంది. ఓడల్లో, పెద్ద జనరేటర్లలో అయితే ఈ పనికే వేరే కరెంటు పంపు ఉంటుంది. ముందు అది తిరిగి బేరింగులన్నీ తడిపాకే ఇంజిన్కి అనుమతి. ఇప్పుడు చాలా కార్ల ఫ్యాక్టరీల్లో కొత్త ఇంజిన్ని పెట్రోలు వెయ్యకుండా ముందు ఎలక్ట్రిక్ మోటారుతో తిప్పి, ఆయిల్ ఒత్తిడి కొలిచి చూస్తారు. మా మేస్త్రి ప్లగ్గులు విప్పి చేసింది అదే.

ఇంజిన్ పని చేయించనివాళ్లకి ఇదంతా ఎందుకంటారా? మీ కారు డ్యాష్‌బోర్డు మీద నూనెకుప్పె బొమ్మతో ఒక ఎర్రదీపం ఉంటుంది. తాళం సగం తిప్పితే వెలుగుతుంది, స్టార్టవగానే ఆరిపోతుంది. చాలామంది అది ఆయిల్ తగ్గితే వెలిగే దీపం అనుకుంటారు. అది చెప్పేది ఒత్తిడి సంగతి. మా చేతిలో ఇత్తడి మీటరు చెప్పిందే, కాకపోతే 'ఉంది, లేదు' అని రెండే మాటల్లో. ఆయిల్ మార్పించిన రోజున స్టార్ట్ చేశాక అది రెండుమూడు సెకన్లు ఎక్కువ వెలిగితే కంగారుపడక్కర్లేదు. ఖాళీగా ఉన్న కొత్త ఫిల్టరు నిండుతోందన్నమాట. అది ఆరేదాకా కాలు యాక్సిలరేటర్ మీద పెట్టకుండా ఉంటే చాలు. రోడ్డు మీద పోతుండగా వెలిగితే మాత్రం 'ఇంకో రెండు కిలోమీటర్లలో షెడ్డుంది' అనుకోకండి. అక్కడే ఆపెయ్యాలి.

2020 లాక్‌డౌన్లో కార్లు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు చాలామంది నన్ను ఫోన్లో అడిగారు, ఈ ప్లగ్గులు విప్పే తతంగం చెయ్యాలా అని. రెండుమూడు నెలలకి ఏమీ అక్కర్లేదు. బేరింగుల్లో తడి అంత తొందరగా పోదు. ఆయిల్ చూసుకుని, స్టార్ట్ చేసి, దీపం ఆరాక ఒక నిమిషం మెల్లగా తిరగనిస్తే సరి. తాతగారి కారు ఏళ్ల తరబడి గ్యారేజీలో పడి ఉంటే, దాన్ని లేపాలనుకుంటే మాత్రం తాళం జోలికి పోకుండా తెలిసినవాణ్ని పిలవండి.

మా బండి మళ్లీ 1994లో బోరుకొచ్చింది. అప్పటికి 90 వేల కిలోమీటర్లు తిరిగింది. నా చదువు, చెల్లి పెళ్లి దానిమీదే అయ్యాయి. ఆటోనగర్ షెడ్డులో పని అప్పటికి మేస్త్రి కొడుకు చేతికి వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తుండేవాడు, చూపు ఆనేది కాదు. కొడుకు క్రాంకు విప్పి బేరింగు రేకులు తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన బొటనవేలితో ఒక్కొక్కదాన్నీ తడుముకుంటూ, "ఎర్రగా ఉందా?" అని అడిగాడు.

"లేదు నాన్నా, బూడిదరంగే ఉంది. అన్నీ అలాగే ఉన్నాయి. డబ్బులు కలిసొస్తాయి, ఇవే మళ్లీ వేసేద్దామా?" అన్నాడు కొడుకు.

మా నాన్న ఆశగా చూశాడు.

"కొత్తవి తెమ్మను" అన్నాడు మేస్త్రి.